ఆమె వైపు అద్దం

ఆరేళ్లుగా ఇది నాతో పాటే లేస్తోంది, నాతో పాటే అన్నానికి కూర్చుంటోంది. కొట్టులో ఏ రైతుతోనో మాట్లాడుతుంటే మధ్యలో గుర్తొస్తుంది. మాట ఆగిపోతుంది. ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు ఎదుటివాళ్లు. ఒంట్లో బాగానే ఉంది.

మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్లలో ఒక్కరికి చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకున్నాను. ప్రతిసారీ ఎదుటి మనిషి మొహం చూశాక మింగేశాను.

చిన్న పనితో మొదలైంది. కారు తలుపు లోపల ఒక ప్లగ్గు పీకాను. అక్కడ ఆగి ఉంటే ఇది రాసేవాణ్ని కాదు.

పేర్లు మార్చాను. ఊళ్లు మార్చలేదు. మాది చీపురుపల్లి. ఎరువులు, విత్తనాల కొట్టు నాది. నా భార్యను ఇక్కడ పార్వతి అంటాను. రైలు గేటు అవతల ఒక పల్లె బడిలో టీచరు. పిల్లలు లేరు మాకు.

మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. ఆమెది కళింగపట్నం, సముద్రం మీద బతికే కుటుంబం. మాది వరి, నువ్వులు పండించుకునే ఇల్లు. శ్రీకాకుళంలో ఆమె టీచరు ట్రైనింగ్ చేస్తున్నప్పుడు పరిచయమైంది. రెండు ఇళ్లవాళ్లూ ఒప్పుకోలేదు. మా వాళ్లు ఏడాదికి మెత్తబడ్డారు. పెళ్లైన వారానికి ఆమె తండ్రి మా కొట్టుకి వచ్చి, పదిమంది రైతులు చూస్తుండగా నా చెంప మీద కొట్టాడు. కొట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఇంటికెళ్లి పార్వతికి చెప్పాను. ఆ ఇంటి మనిషి మన గుమ్మం తొక్కకూడదు, నువ్వు ఆ గుమ్మం తొక్కకూడదు, ఆ ఇంటి మాట ఈ ఇంట్లో వినపడకూడదు అని. ఆమె ఏడవలేదు. సరే అంది. పన్నెండేళ్లు ఆ మాట మీదే నిలబడింది. నిలబడిందనే నేను అనుకున్నాను.

పెళ్లైన పదేళ్లకి ఒక పాత కారు కొన్నాను. శృంగవరపుకోటలో ఒక డాక్టరు వాడి వదిలేసిన బండి. ముందు రెండు తలుపులకే స్విచ్చి నొక్కితే దిగే అద్దాలు. వెనక తలుపులకు చేత్తో తిప్పుకునే పిడి. కొన్న మూడో నెలలో పార్వతి వైపు అద్దం సగంలో ఆగిపోయింది. పైకి రాదు, కిందికి పోదు. మా ఊరి మెకానిక్ సన్యాసిరావు దగ్గరికి తీసుకెళ్లాను. అతను తలుపు లోపలి ప్యాడ్ విప్పి, దాని వెనక నల్లటి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ కాగితం ఒలిచి, నన్ను పిలిచి చూపించాడు.

"ఇందల పెద్ద ఇద్దె ఏటీ నేదు బాబు. సిచ్చి నొక్కితే ఈ మోటారు తిరుగుతాది, మోటారు ఈ వైరుని లాగుతాది, వైరు అద్దాన్ని లాగుతాది. ఇదిగో, ఈ ప్లగ్గు వదులైపోనాది. ఇది వదులైతే అంతా సచ్చిపోనట్టే."

ప్లగ్గుకి పక్కన ఒక చిన్న నాలుక ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుంటేనే ఊడుతుంది. టక్కుమని లోపలికి నెట్టాడు. అద్దం లేచింది. చూసి ముచ్చటపడ్డాను. నిజంగా ముచ్చటే. ఆ పూట నా మనసులో మరే ఉద్దేశమూ లేదు. ఆ సంగతి ఎందుకు చెబుతున్నాను? తప్పు కొంచెం తగ్గుతుందనా? తగ్గదు.

రోజూ పొద్దున్న ఆమెను బడి దగ్గర దింపి, నేను కొట్టుకి వచ్చేవాణ్ని. మాకు అడ్డంగా పెద్ద రైలు లైను. మేం వెళ్లే వేళకి గేటు వేసే ఉండేది. ఒక్కోసారి రెండు బళ్లు పోయేదాకా తీసేవారు కాదు. ఆ గేటు దగ్గరే అతన్ని చూశాను. ముప్పై ఏళ్లుంటాయేమో. పాత మోపెడ్, వెనక రెండు పక్కలా ఎండు చేపల గంపలు. వారంలో నాలుగు రోజులు ఇటువైపు పల్లెలు తిరిగి అమ్ముకునేవాడు. బండి ఆగీ ఆగగానే పార్వతి వైపు తలుపు దగ్గరికి వచ్చేవాడు. ఆమె అద్దం దించేది. అతను తలుపు మీద చెయ్యి వేసి వంగి మాట్లాడేవాడు. గొంతు తగ్గించి. ఆమె కూడా తగ్గించే మాట్లాడేది. రైలు వచ్చే చప్పుడులో నాకు సగం మాటలే వినపడేవి.

ఒకసారి ఆమె నవ్వింది. తల వెనక్కి వేసి, నోరారా. ఆ నవ్వు పదేళ్లలో మా ఇంట్లో నేను వినలేదు.

"ఎవులతను?" అని అడిగాను గేటు దాటాక.

"ఎండు సేపలోడండి. బడి కాడికి వస్తాడు."

మామూలుగానే అంది. కానీ చెప్పే ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని నేను ఏడాదిన్నర బతికాను.

మర్నాటి నుంచి అన్నీ కనిపించసాగాయి. సోమవారం పొద్దున్న చీర మీద శ్రద్ధ ఎక్కువగా ఉండేది. గేటు దగ్గరికి వచ్చే ముందే ఆమె చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లేది. ఒకరోజు అతను ఒక కాగితం పొట్లం ఇచ్చాడు. ఆమె పర్సు తెరవలేదు. సాయంత్రం వంటింట్లో వెతికాను. ఎండు రొయ్యలు. "కొన్నావా?" అంటే "కొన్నాను" అంది. కొనలేదని నాకు తెలుసు. ఇక కావలసిందేముంది? రొయ్యల దగ్గర అబద్ధమాడిన మనిషి మిగతా వాటి దగ్గర ఆడదా?

ఫోన్ చూసేవాణ్ని. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఎవరు చేశారు, ఎవరికి చేసిందని. ఏమీ ఉండేది కాదు. ఏమీ లేకపోవడం కూడా నాకు సాక్ష్యంలాగే అనిపించింది. చెరిపేస్తోంది అనుకున్నాను. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఫోన్ అక్కడే వదిలి వెళ్లేది. అదేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. దాచుకునేదేదీ అందులో పెట్టకూడదని ముందే నిర్ణయించుకుంది, అంతే.

అడగొచ్చు కదా అంటారు. ఎవరతను, నిజం చెప్పు అని. అడగలేకపోయాను. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే అది నిజమో కాదో మళ్లీ తేల్చుకోవాలి. అడగకుండా ఉంటే నేను అనుకున్నదే నిజంగా ఉండిపోతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మేడ మీద మిరపకాయలు ఎండబోస్తోంది. నేను స్క్రూడ్రైవరు తీసుకుని కారు దగ్గరికి వెళ్లాను. ప్యాడ్ విప్పాను. ప్లాస్టిక్ కాగితం ఒలిచాను. నాలుక నొక్కి ప్లగ్గు పీకాను. అన్నీ ఎప్పటిలా బిగించాను. అరగంట కూడా పట్టలేదు. చేతులు కడుక్కుని వచ్చి టీ అడిగాను. ఆమె పెట్టింది. తాగాను.

సోమవారం గేటు దగ్గర ఆమె స్విచ్చి నొక్కింది. కదల్లేదు. మళ్లీ నొక్కింది. అద్దం అవతల అతను నిలబడి ఉన్నాడు. నేను నా వైపు నుంచి కూడా నొక్కినట్టు చేసి, "పాత బండి కదా" అన్నాను. ఆమె అతని వైపు చూసి చెయ్యి ఊపింది. అతను నవ్వి పక్కకి తప్పుకున్నాడు. నాకెంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది.

బాగు చేయించమంది. ఆమె మాట కాదనకుండా సన్యాసిరావు దగ్గరికి ఒక్కణ్నే తీసుకెళ్లాను. అతను విప్పి చూసి, వేలాడుతున్న ప్లగ్గు చేతిలోకి తీసుకుని నా మొహంలోకి చూశాడు.

"ఇది ఊడిపోనేదు బాబు. ఎవులో పీకీసినారు."

"నువ్వు మళ్లీ పెట్టకు. మోటారు పోయింది, దొరకదని సెప్పు. టీచరమ్మ అడిగితే అదే సెప్పు."

అతను ప్యాడ్ బిగించి ఇచ్చేశాడు. ఎందుకని అడగలేదు. ఆ అడగకపోవడం నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ తర్వాత బజారులో నన్ను చూస్తే తల పక్కకి తిప్పుకునేవాడు. లేదా నాకు అలా అనిపించేదా? అనుమానం ఒకసారి అలవాటైతే మనిషి ఎవరినీ వదలడు.

ఏడాదిన్నర పార్వతి ఆ మూసిన అద్దం వెనకే ప్రయాణం చేసింది. మే నెలలో కూడా. బండిలో ఏసీ పేరుకే. పిల్లల నోట్సు పుస్తకంతో విసురుకునేది. ఒకసారి, వెనక సీట్లో కూర్చుంటే అద్దం చేత్తో తిప్పుకోవచ్చు కదా అంది. "నన్ను డ్రైవరనుకుంటార్లే" అని నవ్వాను. ఒకసారి నడుం పట్టేసిందని గేటు దగ్గర దిగి నిలబడింది. నేనూ దిగి పక్కనే నిలబడ్డాను. అతను దూరం నుంచే చూసి వెళ్లిపోయాడు. మళ్లీ ఆమె దిగలేదు. తర్వాత తర్వాత అద్దం లోంచి సైగలు చేసుకునేవారు. అతను చెయ్యి గుండె మీద వేసి తల ఊపేవాడు. ఆమె రెండు చేతులూ జోడించేది. వాటికి నేను ఏ అర్థాలు చెప్పుకున్నానో రాయను. నిజం అర్థం తర్వాత తెలిసింది. అమ్మ బాగుంది అని అతను. దణ్ణం పెట్టానని చెప్పు అని ఈమె.

ఇక ఆ సోమవారం.

ఆ రోజు అతను మేం రాకముందే గేటు దగ్గర ఉన్నాడు. బండి ఆగకముందే పరుగెత్తుకొచ్చి అద్దం మీద అరచేత్తో కొట్టాడు. పెదాలు కదులుతున్నాయి. అప్పుడే రైలు పోతోంది. ఏమీ వినపడలేదు. పార్వతి స్విచ్చి నొక్కింది, నొక్కింది, తలుపు పిడి మీద చెయ్యి వేసింది. గేటు లేచింది. వెనక లారీ హారను. నేను బండి పోనిచ్చాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆపమని అనలేదు. ఎలా అంటుంది? ఆపమంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే, ఎత్తకూడదన్న ఇంటి మాట ఎత్తినట్టే.

ఆమెను దింపి వెనక్కి వస్తుంటే అతను గేటు పక్కన రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. మోపెడ్ మీద గంపలు లేవు. అది గమనించాను. గమనించి కూడా, వీడికి ఈ రోజు వేరే పనేదో ఉంది అనుకున్నాను.

"బావా, ఆగు బావా!"

నా వైపు అద్దం దించాను. అది బాగానే పనిచేసేది.

"నానెవులో నీకు తెల్దు. ఎర్రయ్యని. అప్పకి పిన్ని కొడుకుని." అప్ప అంటే అక్క, మా వైపు. "పెద్దమ్మకి బాగునేదు బావా. నిన్న పొయ్యి కాడే పడిపోనాది. సీకాకుళం పెద్దాసుపత్రికి తెచ్చినాం. తెలివి వస్తన్నాది, పోతన్నాది. వచ్చినపుడల్లా అప్ప పేరే పిలస్తన్నాది."

నేను గేటు వైపు చూశాను.

"అద్దం కొట్టినాను గదా, అప్పకి వినపడనేదు. ఏటైంది ఆ అద్దానికి?"

"పాడైపోయింది."

"అప్పని బేగి తీసుకురా బావా. పెదనాన్నే పంపినాడు నన్ను. ఆ కోపాలేటీ నేవిప్పుడు. పోనీ నానే బడికెల్లి సెప్పీనా?"

"వద్దు" అన్నాను. ఎంత తొందరగా అన్నానో. "నేనే సెప్తాను. ఇప్పుడే ఎనక్కెల్లి సెప్తాను. నువ్వు ఆసుపత్రికెల్లిపో."

"ఒట్టా?"

"ఒట్టు."

అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి గరుకుగా, చల్లగా ఉంది. తర్వాత మోపెడ్ తిప్పుకుని స్టేషను వైపు వెళ్లిపోయాడు. నేను చెబుతానన్నానని వెళ్లిపోయాడు. నా మాట నమ్మి.

నేను బండి తిప్పలేదు. నేరుగా కొట్టుకి వెళ్లాను.

ఎందుకు? ఇప్పటికి వెయ్యిసార్లు అడుక్కున్నాను. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణాలున్నాయి. బావా అన్నాడు, అయితే ఏమిటి? మా వైపు టీ కొట్టువాడు కూడా బావా అంటాడు. ఇద్దరూ కలిసి అల్లిన కథేమో. తల్లికి బాగాలేదని చెప్పి తీసుకుపోతే, నేనేమైనా ఆసుపత్రి మంచాలు వెతుక్కుంటానా? ఇలా చెప్పుకున్నాను. కానీ ఆ కారణాల్ని నేనే నమ్మానా? నమ్మలేదనే అనుకుంటున్నాను. అప్ప అన్నప్పుడే అర్థమైంది. ఆ నవ్వు, ఆ రొయ్యలు, ఆ సైగలు, అన్నీ ఒక్కసారిగా వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. తమ్ముడు. పుట్టింటి కబుర్లు. నేను ఏడాదిన్నర ఒక తమ్ముడి మొహం మీద అద్దం మూసి ఉంచాను.

అది ఒప్పుకోవడం కంటే అతను అబద్ధం చెబుతున్నాడనుకోవడం తేలిక. నా అనుమానం తప్పని తేలడం కంటే నిజమని తేలి ఉంటేనే నాకు సుఖంగా ఉండేదేమో. ఎలాంటి మనిషినో చూడండి.

ఆ సాయంత్రం పార్వతి చిక్కుళ్లు ఒలుస్తూ, తల ఎత్తకుండా, "ఆ ఎండు సేపలోడు ఎందుకో అద్దం కొట్టినాడండి పొద్దున్న" అంది.

"అమ్ముకోడానికేమో" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. ఏదో అనబోయింది. నేను ఎదురుచూశాను. చెప్పనీ, ముందు తనే చెప్పనీ, అతను నా తమ్ముడండీ అని ఒక్క మాట అననీ, అప్పుడు నేనూ చెప్తాను అనుకున్నాను. అంత పెద్ద కబురు దగ్గర పెట్టుకుని, ఆమె తప్పు ఆమెచేత ముందు ఒప్పించాలని కూర్చున్నాను. ఆమె మళ్లీ చిక్కుళ్లు ఒలవడం మొదలుపెట్టింది.

మంగళవారం గేటు దగ్గర ఎవరూ లేరు. ఆమె అటూ ఇటూ చూసింది. మధ్యాహ్నం కొట్టు ఫోను రెండుసార్లు మోగింది. తెలియని నంబరు. ఎవరో నాకు తెలుసు. నంబరు కొట్టు బోర్డు మీద ఉంటుంది, అక్కడ చూసుకుని ఉంటాడు. ఎత్తలేదు. యూరియా బస్తాలు దింపిస్తున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. బస్తాలు అప్పటికే దిగిపోయాయి.

బుధవారం పొద్దున్న మళ్లీ మోగింది. ఎత్తాను.

"పోనాది బావా. తెల్లారి పోనాది. అప్పని ఎందుకు తేనేదు బావా?"

ఫోను పెట్టేసి బడికి వెళ్లాను. పార్వతి రెండో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తోంది. బయటికి పిలిచి, "మీ అమ్మ పోయిందట. ఇప్పుడే కబురొచ్చింది" అన్నాను. ఇప్పుడే. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చింది! ఆమె ఎవరు చెప్పారని అడగలేదు. గోడ పట్టుకుంది. తర్వాత లోపలికి వెళ్లి, పిల్లలకు పక్క తరగతిలో కూర్చోమని చెప్పి, చెప్పులు వేసుకుని వచ్చింది.

శ్రీకాకుళం మీదుగా కళింగపట్నం వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడుగునా ఆమె వేలు ఆ స్విచ్చి మీదే ఉంది. నొక్కుతూనే ఉంది. పనిచేయదని తెలుసు. గాలి ఆడలేదేమో. ఏడుపు మాత్రం రాలేదు.

మేం వెళ్లేసరికి అంతా అయిపోయింది. మగవాళ్లు స్నానాలు చేసి తడిబట్టలతో వస్తున్నారు. ఇసుకలో వలలు పక్కకి నెట్టి ఆడవాళ్లు కూర్చున్నారు. పార్వతిని చూడగానే గొల్లుమన్నారు. ఆమె తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బాగా నలిగిపోయాడు. నన్ను చూశాడు కానీ ఆ చూపులో కోపం లేదు. కోపాలేవీ లేవని ఎర్రయ్య చెప్పింది నిజమే.

అప్పుడే ఎర్రయ్య జనంలోంచి వచ్చాడు.

"సోమారం పొద్దున్నే సెప్పినాను గదా బావా. ఒట్టేసినావు గదా."

అందరూ నా వైపు చూశారు. పార్వతి కూడా. ఆ చూపు ఎంతసేపో నాకు తెలియదు. మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపేమో. ఆ మూడు అంకెల్లో నేను మనిషిని కావచ్చు. అవును, చెప్పాడు, నేను చెప్పలేదు అనొచ్చు.

"నాకా? నాతో ఎవరూ ఏటీ సెప్పలేదు" అన్నాను. అని ఊరుకోలేదు. ఊరుకుంటే నమ్మరేమోనని భయమేసింది. "సోమవారం గేటు కాడ ఇతను తూలుకుంటా వచ్చి అద్దం బాదినాడు. తాగున్నాడనుకుని బండి పోనిచ్చాను."

ఎర్రయ్యకు ఒకప్పుడు తాగుడు ఉండేదని నాకు తెలియదు. నేను గురి చూసి వెయ్యలేదు. కానీ తగలాల్సిన చోటే తగిలింది. జనంలో ఎవరో నిట్టూర్చారు. ఆమె తండ్రి లేచాడు.

"మల్లీ తాగినావేట్రా?"

"నేదు పెదనాన్నా. నీ మీదొట్టు."

పెద్దాయన చెయ్యి ఎత్తాడు. కొట్టలేదు. దించుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఎర్రయ్య నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఏదో అర్థం కానట్టు. ఇంత చిన్న విషయానికి మనిషి ఇలా ఎందుకు చేస్తాడు అన్నట్టు. తర్వాత సముద్రం వైపు నడిచి వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు పార్వతి ఒక్కసారే అడిగింది. "నిజింగా సెప్పనేదా ఆడు?"

"లేదు."

ఆమె మళ్లీ అడగలేదు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా.

రెండు నెలల తర్వాత ఆ అద్దం బాగు చెయ్యాలనుకున్నాను. ప్లగ్గు పెట్టేస్తే సరిపోతుంది, బాగైపోయింది అని చెప్పొచ్చు అనుకున్నాను. ఆమె బజారుకి వెళ్లిన పూట తలుపు విప్పి ప్లగ్గు పెట్టాను. స్విచ్చి నొక్కితే లోపల ఒక చిన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. అద్దం కదల్లేదు. కదలకుండా పడి ఉండి, వానల్లో నీళ్లు దిగి, వైరు తుప్పుపట్టి పోగులు పోగులుగా విడిపోయింది. అబద్ధంగా చెప్పిన రిపేరు నిజమై కూర్చుంది. విజయనగరంలో పాత కార్ల సామాన్లు అమ్మే కొట్లో వెతికి, అద్దాన్ని ఎత్తే ఆ సరంజామా మొత్తం, మోటారుతో సహా, ఇంకో బండిది తెచ్చాను. సన్యాసిరావు దగ్గరికి వెళ్లే మొహం లేదు. నేనే బిగించాలి. బిగించేటప్పుడు అద్దాన్ని ఎవరైనా పైకి ఎత్తి పట్టుకోవాలి.

పార్వతే వచ్చి పట్టుకుంది. తలుపు అవతల నిలబడి, రెండు అరచేతులూ అద్దానికి అటూ ఇటూ ఆనించి. నేను ఇవతల కింద కూర్చుని బోల్టులు విప్పుతున్నాను.

"ఆ రోజు ఇది దిగుంటే ఆడు నాకే సెప్పీవోడు" అంది. నాతో కాదు, అద్దంతో అన్నట్టు. "తాగున్నాడో నేదో నాకు తెలిసీది. అమ్మ దగ్గిర రెండు రోజులు కూకుందును."

నట్టు నా వేళ్లలోంచి జారి తలుపు అడుగున ఎక్కడో పడింది. దాన్ని వెతుకుతూ చాలాసేపు తల ఎత్తలేదు.

కొత్తది బిగించాక చివరికి ప్లగ్గు పెట్టాలి. టక్కుమని పడింది. సరిగ్గా పడిందో లేదోనని ఒకసారి లాగి చూశాను. రాలేదు. పార్వతి వంగి చూస్తోంది.

"అంత గట్టిగా ఉన్నాది గదా. దానంతట అదే ఊడుతాదా?"

నేను మోటారు పోయిందని చెప్పి ఉన్నాను. ప్లగ్గు సంగతి ఆమెకు ఎవరు చెప్పారు? సన్యాసిరావా? లేక ఊరికే అడిగిందా? "పాత బండి కదా" అన్నాను. ఆమె నా బొటనవేలి వైపు చూసింది. తర్వాత లోపల కూర్చుని స్విచ్చి నొక్కింది. అద్దం మెల్లగా దిగింది. మా ఇద్దరి మధ్య ఏమీ లేదు. చేయి చాస్తే అందేంత దగ్గరగా ఆమె మొహం. అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆమె మళ్లీ స్విచ్చి నొక్కింది. అద్దం పైకి లేచి మూసుకుంది.

ఇప్పుడు అనుమానం ఆమె మీద కాదు. ఆమెకు తెలుసేమోనని. కూరలో ఉప్పు తగ్గితే తెలుసేమో అనుకుంటాను. నవ్వితే, తెలియదేమో అనుకుంటాను. మరుక్షణం, తెలిసే నవ్విందేమో అనుకుంటాను. నెలకు రెండుసార్లు కళింగపట్నం వెళ్తుంది. బస్సులో, ఒక్కతే. కారులో దింపుతానంటే వద్దంటుంది. ఎర్రయ్య ఆ గంపలు వదిలేశాడు. వాళ్ల ఊళ్లో ఎవరూ అతని చేతికి ఏ కబురూ ఇచ్చి పంపేవారు కాదట. వాళ్లూ వీళ్లూ ఏదో ఒకటి అంటూనే ఉండేవారట. ఏడాది చూసి గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లిపోయాడు. ఏడాదికోసారి వస్తాడు.

పోయిన ఆదివారం పార్వతి అక్కణ్నించి వచ్చింది. నాకు అన్నం వడ్డిస్తూ అంది:

"ఎర్రయ్య వచ్చినాడండి. పెళ్లి కుదిరింది ఆడికి. తాగుడు మానీసి ఎనిమిదేళ్లైందట. అమ్మే మానిపించిందని సెప్తన్నాడు."

ఎనిమిదేళ్లు. ఆ సోమవారానికి రెండేళ్ల ముందు. ఆమె అంత లెక్క కట్టకుండా ఉంటుందా? రోజంతా పిల్లలకు కూడికలు చెప్పే మనిషి. ఒక్కసారి నా కళ్లలోకి చూసింది. నేను మజ్జిగ అడిగాను. పోసింది.

అప్పట్నుంచి ఇది రాస్తున్నాను. ఆమె బడికి వెళ్లిన వేళల్లో, కొట్టులో బేరం లేనప్పుడు. ఈ కాగితాలు ఆమెకు ఇస్తానో లేదో తెలియదు. ఇస్తే ఆమె ఏం చేస్తుందో తెలియదు. ఎర్రయ్య పెళ్లికి పిలిస్తే వెళ్లగలనా? వెళ్లి ఆ ఊరి జనం ముందు నోరు విప్పగలనా? తెలియదు. క్షమించమని అడగడానికి కాదు ఇది. అడిగే హక్కు ఎర్రయ్య ముందు నాకు లేదు, పార్వతి ముందు అసలే లేదు. పోయిన పెద్దావిడ మొహం కూడా నేను ఎన్నడూ చూడలేదు.

ఒక్కటి మాత్రం నా చేత్తో రాయాలి. ఇన్నాళ్లూ లోపల కూడా పూర్తిగా అనుకోని మాట.

ఆ సోమవారం ఎర్రయ్య తాగి లేడు. తూలలేదు. రోడ్డు మీద సరిగ్గా నిలబడి, వచ్చిన పని నాకు వివరంగా చెప్పాడు. నేను విన్నాను.